ఆండ్రాయిడ్ బిల్డ్‌లో పాత మేక్, కొత్త సూంగ్: రెండిటికీ పొత్తు ఎలా కుదురుతుంది?

పాత ఫోన్‌కి కొత్త ఆండ్రాయిడ్ ఎక్కిద్దామని కస్టమ్ రోమ్ బిల్డ్ మొదలుపెడితే, చాలాసార్లు ఒక ఎర్రర్ దగ్గర ఆగిపోతాం: "డిపెండ్స్ ఆన్ అన్‌డిఫైన్డ్ మాడ్యూల్". తీరా చూస్తే ఆ లైబ్రరీ సోర్స్‌లోనే ఉంటుంది. ఆండ్రాయిడ్.ఎంకే ఫైల్‌లో దాని పేరు కూడా కనిపిస్తుంది. మరి లేదని ఎందుకంటోంది? కారణం ఏంటో చూద్దాం.

మేక్ ఎందుకు సరిపోలేదు?

ఆండ్రాయిడ్ 7.0కి ముందు బిల్డ్ మొత్తం గ్నూ మేక్ మీదే నడిచేది. మాడ్యూల్స్ అన్నీ ఆండ్రాయిడ్.ఎంకే ఫైల్స్‌లో ఉండేవి. ఒక్క ఫైల్ మార్చి మళ్లీ బిల్డ్ కొట్టినా, మేక్ ఆ ఎంకే ఫైల్స్ అన్నిటినీ మొదటి నుంచి చదవాల్సిందే. కోడ్ పెరిగేకొద్దీ ఇది బాగా స్లో అయిపోయింది. అందుకే గూగుల్ సూంగ్ తెచ్చింది. ఇందులో మాడ్యూల్స్‌ని ఆండ్రాయిడ్.బీపీ ఫైల్స్‌లో రాస్తారు.

మరి పాత ఫైల్స్ సంగతి?

అన్ని ఎంకే ఫైల్స్‌నీ ఒక్క రోజులో తిరగరాయడం కుదరదు కదా! అందుకే మధ్యలో కాటి అనే టూల్ పెట్టారు. కాటి ఎంకే ఫైల్స్ చదివి, వాటిని నింజా ఫైల్స్‌గా మారుస్తుంది. సూంగ్ కూడా బీపీ ఫైల్స్ నుంచి నింజా ఫైల్సే తయారు చేస్తుంది. రెండిటినీ కలిపి నింజా రన్ చేస్తుంది. అంటే రాసే భాషలు రెండైనా, చివరికి పని చేయించేది ఒక్క నింజానే అన్నమాట.

అసలు కిటుకు ఇక్కడే

ఈ పొత్తు ఒకవైపు మాత్రమే పనిచేస్తుంది. ముందు సూంగ్ నడుస్తుంది, తన మాడ్యూల్స్ లిస్ట్‌ని మేక్ వైపుకి అందిస్తుంది. కాబట్టి ఎంకేలో ఉన్న మాడ్యూల్, బీపీలో ఉన్న లైబ్రరీని హాయిగా వాడుకోవచ్చు. కానీ సూంగ్ నడిచే టైమ్‌కి ఎంకే ఫైల్స్‌లో ఏముందో దానికి తెలియదు. బీపీ మాడ్యూల్ ఎంకే లైబ్రరీని అడిగితే, పైన చెప్పిన ఎర్రర్ వస్తుంది.

కన్వర్ట్ చేసేటప్పుడు ఏ ఆర్డర్?

1. వేరే ఎంకే మాడ్యూల్స్ మీద ఆధారపడని లైబ్రరీలతో మొదలుపెట్టండి. తర్వాత వాటిని వాడే మాడ్యూల్స్‌కి వెళ్లండి. పై నుంచి మొదలుపెడితే ప్రతి అడుగులో ఎర్రరే.

2. ఆండ్రాయిడ్‌ఎంకే అనే టూల్ సోర్స్‌తోనే వస్తుంది. ఎంకే ఫైల్ ఇస్తే బీపీ రూపం ఇస్తుంది. సింపుల్ ఫైల్స్‌కి బాగా పనికొస్తుంది. కస్టమ్ రూల్స్, చాలా రకాల కండిషన్లు మాత్రం చేత్తో సరిచేసుకోవాలి.

3. బీపీలోకి మార్చిన మాడ్యూల్‌ని ఎంకే నుంచి తీసేయండి. లేదంటే ఒకే పేరు రెండుసార్లు ఉందని బిల్డ్ ఆగుతుంది.

4. బోర్డ్‌కాన్ఫిగ్.ఎంకే, ఆండ్రాయిడ్‌ప్రొడక్ట్స్.ఎంకే లాంటివి డివైస్ కాన్ఫిగరేషన్ ఫైల్స్, మాడ్యూల్స్ కావు. వాటిని ఈ టూల్‌తో మార్చకండి, అలాగే ఉంచండి.

ఈసారి ఆ ఎర్రర్ వస్తే ఫైల్ మిస్ అయిందని సోర్స్ మొత్తం మళ్లీ డౌన్‌లోడ్ చేయకండి. ముందు ఆ లైబ్రరీ ఎంకేలో ఉందా, బీపీలో ఉందా అని వెతకండి. ఎంకేలో ఉంటే, ముందుగా కన్వర్ట్ చేయాల్సింది దాన్నే.