పార్సిళ్ల లెక్క

జగిత్యాల జిల్లాలోని గొల్లపల్లి వంటి మండల కేంద్రానికి ఒక పార్సిలు చేరాలంటే ఒకప్పుడు తపాలా కార్యాలయమే ప్రధానమైన ఆధారం. 1980వ దశకంలో నగరాలలో ప్రైవేటు కొరియర్ సంస్థలు వ్యాపించాయి. తపాలా శాఖ 1986 ఆగస్టు 1న స్పీడ్ పోస్టును ప్రారంభించింది. 2020లో తెలంగాణ ఆర్టీసీ సైతం కార్గో సేవలతో ఈ రంగంలో అడుగుపెట్టింది. వీటిలో ఏది గొప్పదని అడిగితే, ఎక్కువ పార్సిళ్లు చేరవేసినదే గొప్పదని ఎవరైనా తడుముకోకుండా చెబుతారు. ఆ మాట ఎంతవరకు నిజమో తెలియాలంటే దశాబ్దాల చరిత్ర గల రెండు అమెరికా సంస్థలను పరిశీలించాలి.

మొదటిది యు.పి.ఎస్. 1907లో సియాటిల్ నగరంలో జేమ్స్ కేసీ, క్లాడ్ రయాన్ అనే యువకులు 100 డాలర్ల అప్పుతో దీనిని స్థాపించారు. తొలుత కబుర్లు, ఆ తరువాత దుకాణాల సరుకులు ఇళ్లకు చేరవేసేవారు. ఒకదానికొకటి ఆనుకొని ఉన్న 48 రాష్ట్రాలలోని ప్రతి చిరునామాకూ చేరడానికి ఈ సంస్థకు 1975 వరకు పట్టింది.

రెండవది ఫ్రెడరిక్ స్మిత్ 1971లో స్థాపించిన ఫెడెక్స్. 1973 ఏప్రిల్ 17 రాత్రి మెంఫిస్ నుండి దీని 14 చిన్న విమానాలు 25 నగరాలకు 186 పొట్లాలను మోసుకుపోయాయి. స్మిత్ పద్ధతి చూడటానికి వింతగా ఉంటుంది. కోరుట్ల నుండి సిరిసిల్లకు పోవలసిన మూటను ముందుగా హైదరాబాదుకు పంపి, అక్కడి నుండి సిరిసిల్లకు మళ్లించడం వంటిదది. అయితే 25 నగరాలను ఒకదానితో ఒకటి నేరుగా కలపాలంటే 300 మార్గాలు కావాలి. అన్నింటినీ ఒక్క కేంద్రానికి చేర్చి, రాత్రికి రాత్రే వేరుచేసి పంపితే 25 మార్గాలు చాలు.

ఆనాటి యు.పి.ఎస్. లెక్కల ముందు 186 అనే సంఖ్య నవ్వు పుట్టించక మానదు. కాని మరునాటికే చేరవలసిన పత్రానికి జనం హెచ్చు రుసుము చెల్లించారు. ఫలితంగా 1983 నాటికే ఫెడెక్స్ ఆదాయం 100 కోట్ల డాలర్లకు చేరింది. పోటీ తట్టుకోవడానికి యు.పి.ఎస్. 1988లో సొంత విమానయాన సంస్థను నెలకొల్పింది. ఫెడెక్స్ 1998లో మరొక సంస్థను కొని, రోడ్డు మార్గపు పార్సిళ్ల వ్యాపారంలోకి దిగింది. అంతవరకు ఒకరు ఎక్కువగా లెక్కించినది సరుకుల పెట్టెలను, మరొకరు లెక్కించినది తొందర పొట్లాలను. ఆ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి హెచ్చుతగ్గులు తేల్చడం, బియ్యాన్నీ బంగారాన్నీ బస్తాలలో కొలవడమే.

కరోనా కాలంలో ఇళ్లకు చేరే పెట్టెలు పెరిగి, 2021లో యు.పి.ఎస్. సగటున రోజుకు 2 కోట్ల 52 లక్షల పార్సిళ్లు చేరవేసింది. 2024లో అది 2 కోట్ల 24 లక్షలు. ఫెడెక్స్ రోజుకు కోటీ 60 లక్షలకు పైగా చేరవేస్తున్నట్లు చెప్పుకొంటుంది. ఇందులో ఒక విశేషం ఉంది. అమెజాన్ సరుకులలో రాశి అధికం, లాభం స్వల్పం. ఫెడెక్స్ 2019లోనే అమెరికాలో ఆ బేరాన్ని వదులుకొంది. 2024లో తన ఆదాయంలో 11.8 శాతం అమెజాన్ నుండే వచ్చినా, యు.పి.ఎస్. కూడా ఆ పార్సిళ్లను సగానికి పైగా తగ్గించుకోవాలని 2025 జనవరిలో ప్రకటించింది. ఏప్రిల్‌లో సుమారు 20,000 ఉద్యోగాల కోత వార్త వెలువడింది. రాశి తగ్గితే లాభం పెరగవచ్చు. పెట్టెలు మోసినవాడికి మాత్రం ఆ లెక్క వేరు.

భారతీయ తపాలా శాఖకు లక్షా 60 వేలకు పైగా కార్యాలయాలున్నాయి. వాటిలో పదింట తొమ్మిది గ్రామాలలోనే. నగరంలో ఒకే భవనంలో పంచిన నూరు పెట్టెలు లెక్కలో నూరే. గొల్లపల్లికి ఆవలి పల్లెకు సైకిలుపై తెచ్చి ఇచ్చిన ఒక్క మందుల పొట్లం ఒక్కటే. దూరానికి ఆ పట్టికలో గడి లేదు.