ఋజువర్తనము ఉపాయమా, ధర్మమా?

‘ఆనెస్టీ ఈజ్ ది బెస్ట్ పాలిసీ’ యను నాంగ్లేయ లోకోక్తిని వినని విద్యావంతుడు మనలో నుండడు. మార్కాపురపు రాతిపలకలపై అక్షరములు దిద్దిన తరములవారు పాఠశాలలలో పలుమాఱులు విన్న నీతివాక్యములలో నిది యొకటి. దీనిని మనవారు ‘నిజాయితీయే యుత్తమమైన నీతి’ యని తెనిగింతురు. ఈ తెనిగింపులో నొక పొరపాటు దాగియున్నది. దానిని విడదీసి చూచినయెడల, మనము బిడ్డలకు నేర్పుచున్నది ధర్మమో వర్తకయుక్తియో తేటపడును.

ముందుగా పదముల యర్థము విచారింతము. ‘ఆనెస్టీ’ యనునది గౌరవార్థకమగు లాటిను శబ్దమునుండి పుట్టినది. ‘పాలిసీ’ గ్రీకుభాషలో పురమును, రాజ్యమును దెలుపు ‘పోలిస్’ అను మాటకు సంతతి. పదునాఱు, పదునేడవ శతాబ్దుల యింగ్లీషులో దీనికి రాజ్యతంత్రమనియు, యుక్తియనియు, ఒక్కొక్కచో కపటమనియు నర్థములుండెను. మన ‘నీతి’ శబ్దమును ఇట్టిదే. నడపుట యను నర్థముగల ధాతువునుండి వచ్చి, రాజనీతి యన్నచో నుపాయమును, నీతిమంతుడన్నచో ధర్మమును దెలుపుచున్నది. 1853 లో చిన్నయసూరి ప్రకటించిన ‘నీతిచంద్రిక’లోని మృగపక్షులు నేర్పునది చాలవఱకు ఉపాయమే. కావున ఆ లోకోక్తిలోని ‘పాలిసీ’ ఉపాయము. మన చెవికి వినబడునది ధర్మము. పొరపాటిదియే.

ఇక పుట్టుక. ఈ వాక్యము అమెరికాదేశపు బెంజమిను ఫ్రాంక్లినుదని పలువురి నమ్మకము. ఆయన పుట్టినది 1706 లో. అంతకు నూఱేండ్లు మునుపే, 1605 లో అచ్చుపడిన సర్ ఎడ్విను శాండీసు గ్రంథమున నిది కానవచ్చుచున్నది. ఆ పార్లమెంటు సభ్యుడు ఐరోపాలోని మతముల స్థితిగతులను వర్ణించుచు, తంత్రములయందు మితిమీరిన యొక మతసంఘమును గూర్చి, ఋజువర్తనమే మేలైన తంత్రమని తలచు మావంటి మోటుబుద్ధులకు వారి తెలివి యందదు కాబోలునని యెత్తిపొడిచెను. వ్యంగ్యముగా పలికిన మాట కాలక్రమమున వ్యంగ్యమును గోల్పోయి బడిపిల్లల సూక్తియైనది. 1796 లో జార్జి వాషింగ్టను తన వీడ్కోలు లేఖయందు దీనిని రాజ్యవ్యవహారములకును వర్తింపజేసెను.

డబ్లిను నగరపు ఆర్చిబిషప్పు రిచర్డు వేట్లీ (1787-1863) దీనిపై చేసిన విమర్శ గమనింపదగినది. సూత్రము సత్యమేగాని, ఆ సూత్రమునుబట్టి మాత్రమే నడచువాడు ఋజువర్తనుడు కాడని ఆయన భావము. మార్కాపురమునుండి దూరదేశమునకు పలకల పెట్టెలు పంపు వర్తకుని తలచుకొందము. మంచి పలకల నడుమ పగిలినవి చొప్పించినచో కొనువాడు మరల రాడు. ఇచట లోకోక్తి వర్తకుని కాపాడును. కాని యతడు రేపు అంగడి మూయదలచినవాడైనచో? నేటి మోసమువలన నతనికి నష్టము లేదు. ఉపాయము మౌనము వహించును. ధర్మము మాత్రము మాటలాడును.

న్యాయశాస్త్రమునుండి మఱియొక దృష్టాంతము. వానపై నాధారపడిన గిద్దలూరు సీమలో నొక రైతు ప్రామిసరీ నోటు వ్రాసి విత్తనములకు అప్పు తెచ్చెననుకొందము. అప్పిచ్చినవాడు మరణించెను, వాని భార్యకు వ్యవహారము తెలియదు, మూడేండ్ల గడువు దాటెను. 1963 నాటి కాలపరిమితి చట్టముచే దావా చెల్లదు. అయినను చట్టము అడ్డగించునది దావానే, ఋణము నశింపదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 25 వ సెక్షను, అట్టి ఋణమును తీర్తునని వ్రాసి చేవ్రాలు చేసిన వాగ్దానమును చెల్లునదిగా నంగీకరించుచున్నది. ఆ వితంతువునకు వ్రాసియిచ్చుమని ఏ ఉపాయమును రైతునకు చెప్పదు. వకీలు సయితము చెప్పనక్కఱలేదు. వ్రాసియిచ్చినవాడే ఋజువర్తనుడు.

అట్లని ఈ లోకోక్తిని బహిష్కరింప బనిలేదు. మోసమువలన చెడుదువని బాలునకు చెప్పుట తప్పు కాదు. అది మొదటి మెట్టు. పెద్దలు ఆ మెట్టుమీదనే నిలిచి, లాభము లేనిచోట సత్యమును విడుచుటయే తప్పు. కనుక తెనిగించునపుడు ‘ఋజువర్తనమే మేలైన యుపాయము’ అని యర్థము దాచక చెప్పుదము. ఉపాయము తీఱినచోట ఏమి చేయవలయునని బిడ్డ తప్పక యడుగును. ఆ ప్రశ్నకు మన నడవడియే యుత్తరము కావలయును.