గాజు పలకను కోయు కట్టర్ : ఎంపికలో గమనింపవలసిన సంగతులు

నల్లగొండ పట్టణమునకు చేరువనున్న పానగల్‌లో పచ్చల సోమేశ్వరాలయమును, ఛాయా సోమేశ్వరాలయమును దర్శించినవారు అచ్చటి రాతి స్తంభముల నునుపును మెచ్చుకొందురు. అంతటి రాతిని బండనుండి ఎట్లు వేరుచేయుదురో ఆలోచించువారు తక్కువ. మన ప్రాంతపు రాతిపనివారు బండపై గీత గీచి, దాని వెంబడి వరుసగా గుంటలు తొలచి, వానిలో ఉక్కు చీలలనుంచి సమ్మెటతో మోదుదురు. రాయి ఆ వరుస వెంబడియే పగులును. గాజుపనియు సరిగా ఇట్టిదే.

వాడుకలో 'అద్దము కోయుట' అందుము గాని, నిజమునకు అది కోత కాదు. కట్టర్ కొన గాజు పైభాగమున మిక్కిలి సన్నని పగులు నొకదానిని కల్పించును. పిమ్మట పలకను వంచినపుడు ఆ పగులు క్రిందివరకు దిగి పలక రెండగును. పగులు ఎచ్చటను తెగక, ఒకే తీరున ఉన్నచో అంచు నునుపుగా వచ్చును. లేనిచో పెచ్చులూడి అంచున గాట్లు మిగులును. ఆ గాట్లు పుట్టీ చాటున మరుగుపడును గనుక బిల్లు చెల్లించునాడు ఎవ్వరికిని కనబడవు. మన మెట్ట ప్రాంతపు ఎండకు పలక నడిమి భాగము కాగి వ్యాకోచించి, చట్రము చాటునున్న అంచు అంత కాగనపుడు, గాటున్న చోటనుండియే పలక చిట్లును. బడి కిటికీ అయినచో దాని ప్రక్కన కూర్చుండువారు పిల్లలు. కావున ఈ చిన్న పనిముట్టును గూర్చి పంచాయతీ సభ్యులు కొంత తెలిసికొనుట మంచిది.

పూర్వము గాజుపనివారు వజ్రపు తునకను పిడికి పొదిగి వాడెడివారు. 18వ శతాబ్దిలో బ్రెజిలు వజ్రములు బయల్పడువరకు లోకమునకు వజ్రములు ముఖ్యముగా మన దేశమునుండియే పోయెడివి. వానిలో కృష్ణాతీరపు కొల్లూరు వజ్రములు ప్రసిద్ధములు. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు విలియం హైడ్ వొలాస్టన్ 1816లో వజ్రము గాజును కోయు విధమును వివరించుచు, కాఠిన్యమొక్కటియే చాలదనియు, స్ఫటికమునకు సహజముగా ఉండు వంపు అంచు ముఖ్యమనియు చూపెను. వజ్రపు కట్టరును ఒకానొక వాలున పట్టిననే అది పనిచేయును. ఆ వాలు చేతికి అలవడుటకు చాల కాలము పట్టును. చిన్న ఉక్కు చక్రము గల కట్టరుకు అమెరికాలో సామ్యుయెల్ మోన్స్ 1869లో పేటెంటు పొందెను. అటుపిమ్మట పని సులభమైనది. నేడు అంగళ్లలో చక్రపు కట్టరునే 'డైమండ్ కట్టర్' అని విక్రయించుట కద్దు. ఆ పేరును చూచి మోసపోరాదు, చక్రము ఏ లోహమో అడుగవలెను.

ఉక్కు చక్రములు చవుక. ఆరు చక్రములను ఒకే తలలో అమర్చి, ఒకటి అరిగినపుడు మరియొకటి త్రిప్పుకొనునట్టి కట్టర్లును కలవు. ఏడాదికి నాలుగైదు పలకలు మార్చు పనికి అవి చాలును. నిత్యము పటములు కట్టువారికిని, కిటికీ పనివారికిని టంగ్‌స్టన్ కార్బైడ్ చక్రమే తగినది. అది ఉక్కు చక్రముకంటె ఎన్నో రెట్లు మన్నును. పిడిలో నూనె నిలువయుండి చక్రమునకు అందునట్టి కట్టర్ మరింత అనుకూలము. అది లేనిచో చక్రమును కిరోసిన్‌లో ముంచి వాడుట పాత పద్ధతి, అదియు మంచిదే.

చక్రపు అంచు కోణమును గూర్చి కొనువారు అడుగరు, అమ్మువారు చెప్పరు. కాని అసలు సంగతి ఇచ్చటనే కలదు. 2, 3 మిల్లీమీటర్ల పలకకు 120 నుండి 135 డిగ్రీల లోపు కోణము, 4 నుండి 6 మిల్లీమీటర్ల పలకకు సుమారు 135 నుండి 140 డిగ్రీలు, అంతకు మించిన మందమునకు 145 డిగ్రీలు, ఆపైని సరిపడును. కోణము తెలియనిచో ఎంత మందపు గాజునకు తగినదని అడిగినను చాలును.

కొనుటకు ముందు వ్యర్థపు గాజు ముక్కపై ఒక గీత గీయించి చూడవలెను. గాజును తుడిచి, కొలబద్ద ప్రక్కన ఒక అంచునుండి మరియొక అంచువరకు ఒకే వత్తిడితో ఒకేసారి లాగవలెను. సన్నని, సమమైన చప్పుడు వచ్చి, వెంట్రుకవంటి మెరుపు గీత పడినచో చక్రము మంచిది. తెల్లని పొడి రాలినచో వత్తిడి ఎక్కువ, లేదా చక్రము మొద్దు. గీతలో సమాన దూరమున మరల మరల ఖాళీలు కనబడినచో చక్రపు అంచున ఒక గంటు ఉన్నదని నిశ్చయము: చక్రము చుట్టు తిరిగిన ప్రతిసారియు ఆ గంటు గాజును తప్పించుకొనుచున్నది. పడిన గీతపై రెండవసారి లాగుట చాల చెడ్డ అలవాటు. గాజును, చక్రమును రెంటిని అది పాడుచేయును. గీచిన వెంటనే విరువవలెను, జాగు చేసిన పలక మొండికెత్తును.

టఫెన్డ్ గాజును ఏ కట్టరుతోను కోయరాదు, అది పలుకులు పలుకులుగా రాలిపోవును. సాధారణముగా దాని మూలన ముద్ర ఉండును. దానిని కొలతకు ముందుగానే చేయించి తెప్పింపవలెను.

పంచాయతీ పని అంచనాలో 'కిటికీ గాజు' అని మాత్రమే వ్రాసినచో చాలదు. మందము మిల్లీమీటర్లలో వ్రాయవలెను. కోతలో పగిలిన పలకల నష్టము ఎవరిదో ముందే తేల్చుకొనవలెను. చట్రపు గాడి కొలతకంటె పలకను ప్రతి వైపునను 2, 3 మిల్లీమీటర్లు తక్కువగా కోయింపవలెను. బిగించుటకు ముందు అంచులను వెలుతురులో చూచుట సభ్యులలో ఒకరి పనిగా పెట్టుకొనవచ్చును. పని ముగిసిన పిమ్మట కట్టరును కిరోసిన్ తడిపిన గుడ్డపై చక్రమును ఆనించి డబ్బీలో ఉంచవలెను. గాజు తునకలను పెంటకుప్పలో వేయక, వేరుగా రేకు డబ్బాలో చేర్చి మూత పెట్టింపవలెను.