బ్రహ్మకమలం మన కుండీలో ఎందుకు బతకదు?

మొన్న రాత్రి స్టడీ అవర్ అయ్యాక వార్డెన్ గారు మనందర్నీ పిలిచి, కుండీలో విచ్చిన తెల్లపువ్వు చూపించారు గదా. బ్రహ్మకమలం అని కొందరం దండం కూడా పెట్టాం. తెల్లారేసరికి వాలిపోయింది. మర్నాడు సైన్సు సారుని అడిగితే, "అది బ్రహ్మకమలం కాదురా, మెక్సికో వైపు నుంచి వచ్చిన జెముడు జాతి మొక్క" అన్నారు. అందుకే చిన్న ముక్క గుచ్చినా మన దగ్గర బతుకుతుంది.

అసలు బ్రహ్మకమలం ఉండేది హిమాలయాల్లో, సుమారు 3,700 నుంచి 4,600 మీటర్ల ఎత్తులో, చెట్లు కూడా పెరగని చోట. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం అదే. పొద్దుతిరుగుడు కుటుంబం. పైకి కనిపించే లేతపసుపు పొరలు రేకులు కావు, లోపలి ఊదారంగు చిన్న పువ్వులకు చలీ వానా తగలకుండా కప్పిన గొడుగు.

చల్లని చోటి మొక్క గదా, నీడలో పెట్టి నీళ్లు బాగా పోస్తే చాలనుకుంటాం. అదే తప్పు. మన ఏజెన్సీలో ఎత్తైన కొండలే 1,700 మీటర్ల లోపు. ఇక్కడ రాత్రి కూడా వేడే. పగలు ఆకు తయారుచేసుకున్న ఆహారం రాత్రి శ్వాసక్రియకే ఖర్చయిపోయి మొక్క చిక్కిపోతుంది. ఇక తడి. అక్కడ రాళ్ల సందుల్లో నీరు నిలవదు. చలికాలమంతా మంచు దుప్పటి కింద నిద్రపోతుంది. మన బంకమట్టిలో పెడితే, వేరూ కాండం కలిసే మొదలు కుళ్లుతుంది.

ఈ కుళ్లు సంగతి నాకు బాగా తెలుసు. పోయిన దసరాకి మా కొండమీద రాతిసందులోని చిన్న పూలమొక్క పీకి తెచ్చాను. అది అంత ఎత్తు మొక్క కాదు గాని రోగం ఇదే. డబ్బాలో నాటి రోజుకు మూడుసార్లు నీళ్లు పోశాను. డబ్బాకి చిల్లు లేదు! ఆకులు వాడితే దాహమనుకొని ఇంకా పోశాను. కుళ్లిన వేరు నీరు తాగలేదని అప్పుడు తెలీదు. ఎనిమిదో రోజు పట్టుకుంటే చేతికి ఊడొచ్చింది.

ఇలాంటివి పెంచేవాళ్లు మట్టిలో గులకరాళ్లు, గరుకు ఇసుక బాగా కలుపుతారు. మొదలు చుట్టూ సన్నరాళ్లు పరుస్తారు. ఎరువు కొంచెమే. గింజలైతే చాలావాటికి కొన్ని వారాలు తడిచలి తగిలితేగాని మొలవవు. లండన్‌లోని క్యూ తోటలో 2006లో తెరిచిన అద్దాల ఇంట్లో, నేల కింద గాలిని చల్లబరిచి ఈ మొక్కలకు విసురుతారట. మనకే ఫ్యాను తిరగడం లేదు!

ఈసారి ఇంటికెళ్తే ఆ రాతిసందు చూడాలి. వేరు ముక్క మిగిలి ఉంటే మళ్లీ మొలిచిందేమో. డబ్బాకి చిల్లులు పెట్టాను, సారు కొత్తిమీర వేయమన్నారు.