పాత పికప్‌కు ముందు బ్రేకులు, తర్వాతే రంగు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నారు. కథలూ కవితలూ నాకు చేతకావు. ఈ హాస్టల్లోనే పదో తరగతి పూర్తిచేసి, ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సు చదివి, అప్పటినుంచి బండ్లు బాగుచేస్తూ బతుకుతున్నవాణ్ణి. తక్కువ డబ్బుతో పాత పికప్ బండిని ఎలా నిలబెట్టుకోవాలో మాత్రం చెప్పగలను. మనవాళ్ళలో బాడుగ బండి కొని బతుకుదామనుకునేవారు ఎప్పుడూ ఉంటారు. వారికి పనికొస్తుందని ఈ పాఠం రాస్తున్నాను. నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను.

మేము చేసిన తప్పు

హాస్టల్లో నా ట్రంకు పెట్టె పక్క పెట్టె వాడు 2014లో ఒక పాత డీజిల్ పికప్ కొన్నాడు. వాళ్ళమ్మ చీటీ పాడి తెచ్చిన డబ్బు అది. బండికి 90 వేలు పోగా 40 వేలు మిగిలాయి. "ఏం చేద్దాం రా?" అని నన్నడిగాడు. "ముందు టింకరింగ్ చేయించి రంగు కొట్టిద్దాం. బండి మెరిస్తేనే బాడుగలొస్తాయి" అన్నాను. రంగు, సీటు కవర్లు, పాటల పెట్టె కలిపి 32 వేలయ్యాయి. బ్రేకులు తొక్కితే పడుతున్నాయి కదా, ఒక సీజను గడిచాక చూద్దామనుకున్నాం.

మూడో నెలలో టమోటా లోడుతో పలమనేరు నుంచి చిత్తూరు వస్తూ మొగిలి ఘాట్ దిగుతుంటే బ్రేక్ పెడల్ నేలకు ఆనిపోయింది. వాడు గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేక్ లాగి, బండిని గట్టుకు రాపించి ఆపాడు. మణికట్టు విరిగింది. టమోటాలు రోడ్డు పాలయ్యాయి. కొత్త రంగు ఒక పక్కంతా గీసుకుపోయింది. ముందు ఏ బస్సో ఉండి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. రంగు ముందు కొట్టించమన్నది నేనే.

బ్రేక్ ఎందుకు పోయింది?

సైన్సు పుస్తకంలో పాస్కల్ సూత్రం చదివే ఉంటారు. మూసివున్న ద్రవం మీద ఒకచోట కలిగించిన పీడనం అన్నివైపులకూ సమానంగా చేరుతుంది. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లో పుట్టిన పీడనం బ్రేక్ ఆయిల్ ద్వారా చక్రాలకు చేరి, లైనింగులను డ్రమ్ముకు ఒత్తుతుంది. ద్రవం నలగదు కాబట్టే ఇది పనిచేస్తుంది. గాలి, ఆవిరి నలుగుతాయి. పైపులో అవి చేరితే మన బలం వాటిని నలపడానికే సరిపోతుంది.

బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 3 రకం కొత్త ఆయిల్ 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. దాదాపు 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు దిగుతుంది. లోడుతో ఘాట్ దిగుతూ బ్రేకు మీదే కాలు పెడితే డ్రమ్ములు కాలిపోతాయి. ఆ వేడికి పాత ఆయిల్ మరిగి ఆవిరవుతుంది, పెడల్ నేలకు దిగుతుంది. మా బండిలో జరిగింది ఇదే. విప్పి చూస్తే ఆయిల్ టీ డికాక్షన్ రంగులో ఉంది.

ఇంకో లెక్క. గతిశక్తి వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 40 కిలోమీటర్ల వేగం 60కి పెరిగితే వేగం ఒకటిన్నర రెట్లే గాని, బ్రేకు మింగాల్సిన శక్తి 2.25 రెట్లు. అందుకే ఘాట్‌లో ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

కొనే ముందు

పది ఊళ్ళలో తిరిగే మోడల్‌నే ఎంచుకోండి. పల్లెల్లో చిన్న ఏనుగుగా పేరుపడిన టాటా ఏస్ 2005లో వచ్చింది. తొలి బండ్లది 702 సీసీ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను. ఇలా ఎక్కువగా తిరిగే బండ్లకు సామాను చిన్న పట్టణంలోనూ దొరుకుతుంది. లేత్ పనికి, పాత సామానుకు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్లు ఉండనే ఉన్నాయి. బేరం ఆడేముందు ఈ నాలుగూ చూడండి.

1. ఆర్సీలోని ఇంజను, ఛాసిస్ నంబర్లు బండి మీదివాటితో సరిపోవాలి.

2. బండి కిందికి దూరి ఛాసిస్ చూడండి. కమాన్ కట్టలు బిగించేచోట తుప్పు తినేసినా, పగులుకు వెల్డింగ్ చేసివున్నా వద్దనుకోండి.

3. చల్లగా ఉన్న ఇంజనునే స్టార్ట్ చేయమనండి. నీలం పొగ వదలకుండా వస్తే ఇంజనాయిల్ కాలుతోందని అర్థం. నల్ల పొగ వస్తే గాలి తక్కువో డీజిల్ ఎక్కువో.

4. ఆయిల్ పోసే మూత తీసి చూడండి. పొగ గట్టిగా తన్నుకొస్తే రింగులు అరిగాయి. దీన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. మూత లోపల పాలు కలిపినట్టు తెల్లటి జిడ్డుంటే ఆయిల్లో నీరు కలుస్తూ ఉండొచ్చు.

డబ్బు ఖర్చుపెట్టే వరుస

మొదట ఆగాలి. బ్రేక్ ఆయిల్ పూర్తిగా మార్చండి. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్ల రబ్బర్లు, లైనింగులు, ఉబ్బిన హోసులు మార్చండి. గాలి తీసేటప్పుడు ఒకరు పెడల్ తొక్కిపట్టాలి, ఒకరు నిపుల్ వదులుచేసి బిగించాలి. చాలా బండ్లకు మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. డీజిల్, ఇంజనాయిల్ ఆ రబ్బర్లకు తగలనీయకండి, ఉబ్బి పాడవుతాయి.

రెండోది, చెప్పినట్టు తిరగాలి. టై రాడ్ ఎండ్లు, వీల్ బేరింగులు, విరిగిన కమాన్ పట్టీలు చూడండి. టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. టైరు పక్కన ముద్రించే నాలుగు అంకెల్లో మొదటి రెండూ తయారైన వారాన్ని, తర్వాతి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి.

మూడోది, కనిపించాలి, మనకు దారి కనపడాలి. హెడ్‌లైట్లు మసగ్గా ఉంటే వెంటనే పెద్ద బల్బులు కొనకండి. ఓమ్ సూత్రం గుర్తుచేసుకోండి. 60 వాట్ల బల్బులు రెండు వెలిగితే 12 వోల్టుల బండిలో దాదాపు 10 ఆంపియర్ల కరెంటు పారుతుంది. తుప్పుపట్టిన ఎర్తింగ్ దగ్గర 0.2 ఓములు అడ్డుపడితే చాలు, దాదాపు 2 వోల్టులు అక్కడే పోతాయి. ఎర్తింగ్ గీకి శుభ్రంచేసి, మంచి వైరుతో రిలే పెట్టించండి. పాత బండికి తక్కువ ఖర్చుతో చేసే మంచి మార్పుల్లో ఇదొకటి.

నాలుగోది ఇంజను. ఊరికే బోరు పనికి దిగకండి. ముందు ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, ఇంజనాయిల్, ఫ్యాన్ బెల్టు మార్చండి. రేడియేటర్ కడిగించండి. నిండా చార్జయిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. ఇంజను తిరుగుతున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే చార్జింగ్ బాగున్నట్టే.

చివరిది తుప్పు, రంగు. తుప్పు మీద లప్పం పెడితే అది లోపల తింటూనే ఉంటుంది. వైరు బ్రష్షుతో మెరిసే ఇనుము కనపడేదాకా గీకి, అదేరోజు రెడ్ ఆక్సైడ్ కొట్టాలి. ఇది మీ చేతులతో మీరే చేసుకోవచ్చు.

చేతిలో ఉన్న డబ్బును నాలుగు వాటాలు చేయండి. రెండు వాటాలు బ్రేకులు, స్టీరింగ్, టైర్లకు. ఒకటి ఇంజనుకు, కరెంటు పనికి. నాలుగోది ముట్టుకోకండి. పాత బండి విప్పాక కొత్త ఖర్చు తప్పక బయటపడుతుంది.

కాగితాల సంగతి

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీ వివరాలు మారేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. వేరే ఇంజను ఎక్కించాలంటే ముందే రవాణా శాఖ ఆఫీసులో అడగండి. రవాణా బండికి ఎనిమిదేళ్ళు దాటాక ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. 15 ఏళ్ళు దాటితే రుసుము బాగా పెరుగుతుంది. ఆ ఖర్చు కలుపుకున్నాకే బేరమాడండి. ఇన్సూరెన్సు లేకుండా ఒక్క రోజు కూడా రోడ్డెక్కకండి.

చివరి మాట

మిత్రుడి చేయి నయమయ్యాక ఆ బండినే మళ్ళీ విప్పాం. ఈసారి పైన చెప్పిన వరుసలో చేశాం. గీసుకుపోయిన పక్కకు రెడ్ ఆక్సైడ్ కొట్టి వదిలేశాం. సగం నీలం, సగం ఎరుపు బండిని చూసి మార్కెట్లో నవ్వినవాళ్ళున్నారు. బాడుగలు మాత్రం ఆగలేదు. సరుకు వేళకు చేరితే రైతు రంగు చూడడు. ఏడేళ్ళు నడిచిన ఆ బండి వాళ్ళమ్మ చీటీ బాకీ తీర్చింది. రెండో ఏడు దాని సంపాదనలోంచే రంగు వేయించాం.

తమ్ముళ్ళారా, పాస్కల్, ఓమ్ సూత్రాలు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నలని నేనూ అనుకున్నవాణ్ణే. స్టడీ అవర్‌లో వాటిని సరిగా చదివుంటే నా మిత్రుడి చేయి విరిగేది కాదు. మీరు శ్రద్ధగా చదవండి.

మీ అన్న,
ఒక పూర్వ విద్యార్థి, డీజిల్ మెకానిక్