కోపం ఉండనీ, పెత్తనం ఇవ్వకు



నీ ఉత్తరం అందింది నాన్నా. స్టార్ వార్స్ సినిమాలన్నీ వరసగా చూశాక నీకో సందేహం మిగిలిందన్నావు. ఫోర్స్‌లో సమతుల్యం అంటే వెలుగు సగం, చీకటి సగమా? కోపాన్ని కూడా కాస్త వాడుకుంటేనే మనిషి పూర్తి బలవంతుడవుతాడా? చివర్లో ఇంకో మాట రాశావు: నీ పనిని తనదిగా చెప్పుకున్న స్నేహితుడి మీద కోపంతోనే ఈమధ్య రాత్రిళ్లు కూర్చుని పనిచేస్తున్నావని, అలాగైతేనే పని బాగా సాగుతోందని. నేనీ ఉత్తరం రాస్తున్నది ఆ చివరి మాట చూసే.

ముందు కథ సంగతి చూద్దాం. 1977లో జార్జ్ లూకాస్ తీసిన మొదటి స్టార్ వార్స్ సినిమాలోనే ఫోర్స్ అంటే ప్రాణులన్నిటి నుంచీ పుట్టి, గెలాక్సీని కలిపి ఉంచే శక్తి అని చెప్పారు. జెడై యోధులు నిమ్మళమైన మనసుతో దాన్ని అందుకుంటారు. వాళ్ల శత్రువులైన సిత్‌లు భయాన్ని, కోపాన్ని, ద్వేషాన్ని రగిల్చి దాన్ని లొంగదీసుకుంటారు. సిత్‌ల దారిలో ఫలితం త్వరగా కనిపిస్తుంది. నీకిప్పుడు కనిపిస్తున్నదీ అదే.

అనాకిన్ సంగతి గుర్తు తెచ్చుకో. 1999లో వచ్చిన ద ఫాంటమ్ మెనేస్‌లో వాడు తొమ్మిదేళ్ల పిల్లాడు. బానిసగా ఉన్న తల్లిని వదిలి వచ్చాడు. జెడై పెద్దలు వాడిలో భయాన్ని పసిగట్టి, అది చీకటికి దారి తీస్తుందన్నారు. ఆ మాటలో తప్పులేదు. కానీ ఆ తల్లిని విడిపించడానికి జెడైలు ఒక్కరూ వెళ్లలేదు. తర్వాత ఆమె ఒక తెగ చేతిలో చిత్రహింసలకు గురై చనిపోతే, వాడు ఆ కోపంలో ఆ తెగ ఆడవాళ్లనీ పిల్లల్నీ కూడా చంపేశాడు. 2005లో వచ్చిన రివెంజ్ ఆఫ్ ద సిత్‌లో భార్య చనిపోతున్నట్టు కలలొస్తే జెడై గురువు యోడా దగ్గరికి వెళ్లాడు. రహస్యంగా చేసుకున్న పెళ్లి కాబట్టి ఆమె పేరు చెప్పలేకపోయాడు. పోతుందని భయపడేదాన్ని వదిలేయడం నేర్చుకోమని యోడా సలహా ఇచ్చాడు. అదే భయాన్ని సిత్‌ల గురువు పాల్పటీన్ ఓపిగ్గా విన్నాడు, చావును ఆపే విద్య ఉందని ఆశ పెట్టాడు. చివరికి ఏం జరిగింది? ఎవరిని కాపాడుకోవాలనుకున్నాడో ఆమె గొంతునే నొక్కాడు.

వాడు భయపడినందుకు చెడిపోలేదు. ఒకరు ఆ భయాన్ని అణచుకోమన్నారు, ఇంకొకరు దాన్నే ఆయుధం చేసుకోమన్నారు. దాన్ని ఉన్నదున్నట్టు చూసుకోవడం ఎవరూ నేర్పలేదు.

అది నేర్చుకున్నవాడు అనాకిన్ కొడుకు లూక్. 1983లో వచ్చిన రిటర్న్ ఆఫ్ ద జెడైలో చెల్లెల్ని చీకటివైపు తిప్పుతానని, అప్పటికి వేడర్‌గా మారిన అనాకిన్ అనగానే లూక్ రెచ్చిపోయి, తండ్రి చెయ్యి నరికేశాడు. చంపెయ్యమని, చక్రవర్తి అయిన పాల్పటీన్ ఉసిగొల్పుతున్నాడు. లూక్ ఆ తెగిన యంత్రపు చేతినీ, తన యంత్రపు చేతినీ చూసుకున్నాడు. ఇంకొక్క అడుగు వేస్తే తనూ వేడరే అవుతానని తెలిసి కత్తి విసిరేశాడు. కోపం రాకపోవడం కాదు, వచ్చిన కోపాన్ని గుర్తుపట్టి ఆగడమే వాడి గెలుపు. అంత పెద్ద యోడాకూ ఈ పరీక్ష తప్పలేదు. ద క్లోన్ వార్స్ ధారావాహిక ఆరో సీజన్‌లో తన చీకటి రూపమే ఎదురుపడింది. అది తనది కాదన్నంతసేపూ అది పెట్రేగింది. తనలోనిదేనని ఒప్పుకుని, దాని పెత్తనాన్ని మాత్రం కాదన్నాకే అణిగింది.

మన విశ్వామిత్రుడిదీ ఈ దారే. కోపంతో రంభను శపించగానే కూడబెట్టిన తపస్సు పోయింది. ఆ కోపాన్ని గెలిచాకే బ్రహ్మర్షి అయ్యాడు.

కాబట్టి నీ ప్రశ్నకు నా జవాబు ఇది: సమతుల్యం సగం సగం పంచుకోవడం కాదు. భావాలన్నిటికీ మనసులో చోటుండాలి, నిర్ణయం మాత్రం వివేకానిదే కావాలి. నీ కోపం నీకు అన్యాయం జరిగిందని చెబుతోంది. అది నిజమే, నమ్ము. కోపం వచ్చినందుకు నిన్ను నువ్వు చెడ్డవాడివనుకోకు. కానీ దాన్నే ఇంధనం చేసుకుని బతకకు. అలా అలవాటైతే, పని చేయాలన్నప్పుడల్లా ఒక శత్రువు కావాల్సి వస్తుంది. శత్రువు లేకపోతే నువ్వే వెతుక్కుంటావు.

ఆ స్నేహితుడితో ముఖాముఖి మాట్లాడు. నీ పని ఏదో, అతను చెప్పుకున్నదేదో స్పష్టంగా చెప్పు. కోపం తారస్థాయిలో ఉన్నప్పుడు మాత్రం వెళ్లకు. ఒక రాత్రి నిద్రపోయి లేచాక వెళ్లు. నీ కోపం వెనకున్న భయం ఏమిటో నమ్మకమైన ఒక్క మనిషికైనా దాచకుండా చెప్పుకో. అనాకిన్ యోడా దగ్గర కూడా అసలు మాట దాచాల్సి వచ్చింది. నీకు నేనున్నాను. ఎంత రాత్రయినా సరే, ఫోన్ చెయ్యి నాన్నా.

ఇట్లు,
నీ పెద్దమ్మ