డైటీషియన్ చదువు సముద్రం దాటితే: పట్టా, కొలతలు, లైసెన్సు

మన దేశంలో ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ నిర్వహించే పరీక్షలో నెగ్గినవారు పేరు చివర 'ఆర్‌డీ' అని రాసుకుంటారు. రిజిస్టర్డ్ డైటీషియన్ అని దాని అర్థం. అమెరికాలోనూ అవే రెండు అక్షరాలు, అదే అర్థం. కానీ ఇక్కడి ఆర్‌డీ పట్టుకుని అక్కడి ఆసుపత్రిలో రోగికి ఆహార ప్రణాళిక రాయడానికి కూర్చోలేం. పరీక్ష వేరు, దాన్ని పెట్టే సంస్థ వేరు, అంతకుముందు పూర్తిచేయాల్సిన శిక్షణ వేరు. విదేశీ చదువుల గురించి మాట్లాడేటప్పుడు ఫీజులు, వీసాలు, ర్యాంకుల దగ్గరే చర్చ ఆగిపోతుంది. డైటెటిక్స్ విద్యార్థికి అసలు చిక్కు మాత్రం ఈ రెండు అక్షరాల దగ్గర ఉంది.

అండమాన్‌లోని డిగ్నాబాద్ నుంచి ఒక అమ్మాయి ఈ చదువు మొదలుపెట్టిందనుకుందాం. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది ఈ ప్రాంతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకో, కూలి పనులకో వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఈ దీవుల్లో చాలా ఉన్నాయి. వాళ్లకు చెన్నైకో విశాఖకో వెళ్లి చదవడమే ఒక సముద్ర ప్రయాణం, ఓడలో అయితే దాదాపు మూడు రోజులు. ఆ పైన విదేశం అంటే రెండో సముద్రం. అంత దూరం వెళ్లి, అంత అప్పు చేసి, చివరికి చేతికొచ్చిన పట్టాతో ఆసుపత్రిలో పనిచేయడానికి అర్హత లేదని తెలిస్తే? అందుకే ఈ లెక్క డిగ్రీ రెండో ఏడాదిలోనే వేసుకోవాలి.

న్యూట్రిషన్ వేరు, డైటెటిక్స్ వేరు

మన వాడుకలో ఈ రెండు మాటలూ ఒకటే. చట్టం దృష్టిలో కావు. బ్రిటన్‌లో 'డైటీషియన్' అనేది చట్టరక్షణ ఉన్న పేరు. హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్ రిజిస్టరులో పేరు లేనివారు ఆ మాట వాడుకోవడం నేరం. 'న్యూట్రిషనిస్ట్' అనే మాటకు అలాంటి రక్షణ లేదు. కాబట్టి లండన్‌లోనో లీడ్స్‌లోనో ఏడాదిలో ముగిసే ఎమ్మెస్సీ న్యూట్రిషన్ చేస్తే మంచి విజ్ఞానం వస్తుంది, పరిశోధనకూ పరిశ్రమకూ పనికొస్తుంది. కానీ దానితో డైటీషియన్ కాలేరు. అందుకు కౌన్సిల్ ఆమోదించిన కోర్సు చేయాలి. ఇప్పటికే డిగ్రీ ఉన్నవారికి 'ప్రీ రిజిస్ట్రేషన్' ఎమ్మెస్సీలు ఉంటాయి, అవి సాధారణంగా రెండేళ్లవి. చేరాలంటే డిగ్రీలో బయోకెమిస్ట్రీ, మానవ శరీరధర్మశాస్త్రం తగినంత చదివి ఉండాలని అడుగుతారు.

అమెరికాలో మెట్లు ఇంకా ఎక్కువ. 2024 జనవరి 1 నుంచి ఆర్‌డీ పరీక్ష రాయాలంటే కనీసం మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. అంతకుముందు బ్యాచిలర్స్ సరిపోయేది. ఏ మాస్టర్స్ అయినా చాలదు. 'ఏసెండ్' అని పిలిచే గుర్తింపు మండలి ఆమోదించిన డైటెటిక్స్ కార్యక్రమం పూర్తిచేయాలి, పర్యవేక్షణలో కనీసం 1000 గంటల శిక్షణ పొందాలి. పేరున్న విశ్వవిద్యాలయం, మంచి ర్యాంకు, ఎంఎస్ న్యూట్రిషన్ అనే పేరు, ఇవన్నీ ఉన్నా ఆ గుర్తింపు లేకపోతే పరీక్షకు దారి లేదు. ఏజెంటు ఇచ్చే బ్రోచర్‌లో ఈ సంగతి ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒక్కోసారి అసలే ఉండదు. కాబట్టి విశ్వవిద్యాలయం వెబ్‌సైటు కంటే ముందు గుర్తింపు మండలి జాబితా తెరవండి. అందులో ఉన్న కోర్సుల నుంచే ఎంపిక మొదలుపెట్టండి.

ఆస్ట్రేలియాలో మళ్లీ ఇంకో తీరు. అక్కడ డైటీషియన్లకు ప్రభుత్వ రిజిస్టరు లేదు. 'డైటీషియన్స్ ఆస్ట్రేలియా' అనే వృత్తి సంఘం ఇచ్చే 'ఏపీడీ' గుర్తింపునే ఆసుపత్రులు అడుగుతాయి. వేరే దేశంలో చదివి వచ్చినవారి నైపుణ్యాన్ని పరీక్షించి గుర్తించే పద్ధతి కూడా ఆ సంఘం నడుపుతుంది.

తిరిగి వచ్చే ఆలోచన ఉంటే ఇంకో సంగతి. మన దేశంలో 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పోషణ, డైటెటిక్స్ వృత్తిని కూడా తన పరిధిలోకి తెచ్చింది. అంటే విదేశీ పట్టాతో తిరిగొచ్చినా ఇక్కడి రిజిస్టరు ఏమంటుందో చూసుకోవాలి.

వందేళ్ల కిందటి పట్టా సమస్య

పట్టా సరిహద్దు దాటకపోవడం కొత్తేమీ కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయ ఆచార్యుడి ఆగ్రహానికి గురై, పూర్తి స్థాయి ఎంబీబీఎస్ బదులు తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ పట్టాతో బయటపడ్డారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ భరోసాతో, మామగారు పోగుచేసిన డబ్బుతో 1920ల ఆరంభంలో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదువుతూ ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేసి ఖర్చులు వెళ్లదీశారు.

ఆయన కథ పోషణ విద్యార్థికి ఇంకో రకంగానూ దగ్గరిది. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ప్రచురించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి జీవరసాయన పుస్తకాల్లో ఇప్పటికీ ఉంది. మూత్రపిండాలు దెబ్బతిన్న రోగి రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో చూసే పరీక్షకు ఆ రసాయనశాస్త్రమే ఆధారం. ఆయన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధిలో కొరవడే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో సంశ్లేషించింది ఆయన నడిపిన లెడర్లీ ప్రయోగశాల బృందమే.

సుబ్బారావు పరిశోధన వైపు వెళ్లారు కాబట్టి లైసెన్సు లేకపోయినా నడిచింది. ఇవాళా అంతే. పోషణ విజ్ఞానంలో పీహెచ్‌డీకి వెళ్లేవారికి పైన చెప్పిన రిజిస్టర్లతో పని లేదు. లండన్‌లో పీహెచ్‌డీ చేసి వచ్చిన సి. గోపాలన్, తర్వాత హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు నాయకత్వం వహించారు. జొన్న తినేవారిలో పెల్లాగ్రా ఎందుకు వస్తుందన్న ప్రశ్న మీద అక్కడ జరిగిన పని ప్రపంచం గుర్తించింది. కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది మీకు కావలసింది రోగి మంచం పక్కన చేసే పనా, ప్రయోగశాలా, సమాజ ఆరోగ్యమా అన్నది. దేశం ఎంపిక ఆ తర్వాతి మాట.

కొలతలు మారితే మోతాదు మారుతుంది

భౌతికశాస్త్రం చదివినందువల్లేమో, నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఆసక్తి కలిగించేది యూనిట్ల గొడవ. మన ల్యాబ్ రిపోర్టులో పరగడుపు గ్లూకోజ్ 126 అని ఉంటే బ్రిటన్ రిపోర్టులో 7.0 అని ఉంటుంది. రెండూ ఒకే రక్తం. మనం, అమెరికావారు డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో రాస్తాం. బ్రిటన్, ఆస్ట్రేలియా లీటరుకు మిల్లీమోల్‌లలో రాస్తాయి. గ్లూకోజ్ అణుభారం 180, లీటరుకు 10 డెసిలీటర్లు. కాబట్టి మన అంకెను 18తో భాగిస్తే వాళ్ల అంకె వస్తుంది. కొలెస్ట్రాల్ అణుభారం సుమారు 387 కాబట్టి అక్కడ 38.7తో భాగించాలి. మన 200 వాళ్లకు 5.2. గుణకం వెనకున్న కారణం అర్థమైతే బట్టీ పట్టక్కర్లేదు.

ఆహారం వైపు తేడా ఇంకా సూక్ష్మం. అమెరికాలో మధుమేహ రోగికి నేర్పే కార్బోహైడ్రేట్ 'ఎక్స్ఛేంజ్' అంటే 15 గ్రాములు. బ్రిటన్‌లో ఒక 'పోర్షన్' అంటే 10 గ్రాములు. ఒక కప్పు అన్నంలో దాదాపు 45 గ్రాముల కార్బోహైడ్రేట్ ఉంటుంది. అమెరికా లెక్కలో అది 3, బ్రిటన్ లెక్కలో 4.5. పది గ్రాములకు ఒక యూనిట్ ఇన్సులిన్ తీసుకునే రోగికి ఆ కప్పుకు 4.5 యూనిట్లు కావాలి. పుస్తకంలో చూసిన '3'ను బ్రిటన్ పోర్షన్లుగా పొరబడితే 3 యూనిట్లే అందుతాయి. తిరగేసి పొరబడితే మోతాదు ఎక్కువై చక్కెర పడిపోతుంది, అది మరీ ప్రమాదం.

ఉప్పులోనూ అంతే. మన ప్యాకెట్ల మీద సోడియం మిల్లీగ్రాముల్లో ఉంటుంది, బ్రిటన్ ప్యాకెట్ల మీద ఉప్పు గ్రాముల్లో. సోడియాన్ని 2.5తో గుణిస్తే ఉప్పు. ఆస్ట్రేలియాలో శక్తిని కిలోజౌళ్లలో చెబుతారు కాబట్టి మన 1800 కిలోకాలరీల భోజన ప్రణాళిక అక్కడ సుమారు 7500.

ఇంటి నుంచి తీసుకెళ్లే ప్రశ్న

దరఖాస్తుతో పాటు రాయాల్సిన ఉద్దేశ పత్రంలో 'చిన్నప్పటి నుంచి నాకు ఆహారమంటే ఇష్టం' అని మొదలుపెట్టేవారు లెక్కలేనంతమంది. ఎంపిక చేసేవాళ్లకు కావలసింది ఇష్టం కాదు, ప్రశ్న. అండమాన్ తెలుగు ఇళ్లలో అలాంటి ప్రశ్నలు కావలసినన్ని ఉన్నాయి.

ఉదాహరణకు కొబ్బరినీళ్లు. దీవుల్లో అవి ఇంటి పానీయం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనూ అంతే. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వంటి మండలాలున్న ఆ కొబ్బరితోటల నేలలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా జనాన్ని పీడిస్తోంది. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. ఒక గ్లాసు కొబ్బరినీళ్లలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. పొటాషియం అణుభారం 39 కాబట్టి అది దాదాపు 15 మిల్లీమోల్‌లు. రక్తంలో పొటాషియం పెరిగిన రోగికి వైద్యులు రోజుకు 60 మిల్లీమోల్‌ల పరిమితి పెట్టారనుకోండి, ఒక్క గ్లాసుతో పావు వంతు అయిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అదే గ్లాసు మేలు. కిడ్నీ జబ్బున్న ప్రతి ఒక్కరూ మానేయాలనీ కాదు, రక్తపరీక్ష చూసి వైద్యులు, డైటీషియన్ కలిసి తేల్చాల్సిన సంగతి. కొబ్బరీ ఎండుచేపా రోజూ ఉండే ఇంట్లో మూత్రపిండాల ఆహారం ఎలా కుదరాలి? ఏ దేశపు పాఠ్యపుస్తకమూ దీనికి నేరుగా జవాబివ్వదు. జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార సమ్మేళన పట్టికల్లో 528 ఆహారాల విశ్లేషణ ఉంది. విదేశానికి వెళ్లేటప్పుడు పచ్చడి సీసాతో పాటు అదీ వెంట ఉంచుకోండి.

కాగితాలు, కాలం

మూడేళ్ల బీఎస్సీని బ్రిటన్ విశ్వవిద్యాలయాలు సాధారణంగా ఒప్పుకుంటాయి. అమెరికాలో చాలా కోర్సులకు పదహారేళ్ల చదువు కావాలి. కాబట్టి అటు వెళ్లాలనుకుంటే నాలుగేళ్ల ఆనర్స్ గానీ, ఇక్కడే ఒక ఎమ్మెస్సీ గానీ ఆలోచించాలి. జాతీయ పోషకాహార సంస్థ ఎమ్మెస్సీ అప్లైడ్ న్యూట్రిషన్ నడుపుతోంది, ప్రవేశ పరీక్ష ఉంటుంది.

విదేశీ సంస్థ మీ మార్కులతో ఆగదు. ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు, సిలబస్‌లో ఏముంది, ఆసుపత్రి ఇంటర్న్‌షిప్‌లో ఏ వార్డులో ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో అని అడుగుతుంది. చదువు ముగిసిన నాలుగేళ్లకు మెయిన్‌లాండ్ కాలేజీకి వెళ్లి పాత సిలబస్ కాపీ మీద సంతకం చేయించుకోవడం ఎంత పనో దీవుల్లో ఉన్నవారికి చెప్పక్కర్లేదు. ఇంటర్న్‌షిప్ రోజుల్లోనే తేదీ, గంటలు, రోగుల రకం (పేర్లు కాదు) రాసి ఏ వారం సంతకం ఆ వారమే తీసుకోండి. పేరు సంగతి కూడా చూసుకోండి. మార్కుల మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం తెలుగువారికి మామూలే, పట్టాల మదింపు సంస్థలకు మాత్రం అది ఇద్దరు మనుషులు.

ఉపకార వేతనాల్లో ఒక మెలిక ఉంది. బ్రిటన్ ప్రభుత్వపు చీవెనింగ్ ఏడాది మాస్టర్స్‌కు ఇచ్చేది, రెండేళ్ల ఉద్యోగానుభవం అడుగుతుంది, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలంటుంది. డైటీషియన్ అర్హతనిచ్చే రెండేళ్ల కోర్సుకు అది అతకదు, సమాజ పోషణ కోర్సుకు అతుకుతుంది. తెలంగాణ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి వంటి రాష్ట్ర పథకాలు స్థానికత అడుగుతాయి కాబట్టి, తెలుగు మాట్లాడినా డిగ్నాబాద్ చిరునామాతో అవి అందవు. ఎస్సీ, సంచార జాతుల వంటి వర్గాలవారికి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు ఆ అడ్డు లేదు.

సెప్టెంబరులో మొదలయ్యే కోర్సుకు పని ఏడాదిన్నర ముందే మొదలవ్వాలి. మొదట గుర్తింపు జాబితా, తర్వాత సిలబస్ పోలిక, ఆ తర్వాతే ఇంగ్లిష్ పరీక్ష. ఇంగ్లిష్ పరీక్ష స్కోరు సాధారణంగా రెండేళ్లే చెల్లుతుంది. తొందరపడి ముందే రాస్తే, చదువు ముగించి రిజిస్టరుకు దరఖాస్తు చేసే రోజుకు దాని గడువు తీరిపోవచ్చు.